‘సర్వర్ పోయిందండీ’ అనే ముందు

మండపేట రైసు మిల్లు ఆఫీసుల్లో కంప్యూటర్ మొరాయిస్తే వినపడే మాట ఒకటే: ‘సర్వర్ పోయిందండీ.’ ఫోను అవతల హార్డ్‌వేర్ కుర్రాడి సమాధానమూ ఒకటే: ‘ఒకసారి అన్నీ ఆపి ఆన్ చెయ్యండి.’ ఈ రెండు మాటల మధ్య లోడు లారీ గేటు దగ్గరే ఆగిపోతుంది, గుమాస్తాకి ముచ్చెమటలు పడతాయి, యజమాని గదిలోంచి పిలుపు మీద పిలుపు వస్తుంది. అన్నీ ఆపి ఆన్ చేస్తే ఒక్కోసారి బాగుపడుతుంది కూడా. అలా బాగుపడితేనే నాకు ఎక్కువ దిగులు. ఏది చెడిందో, ఎందుకు చెడిందో ఎవరికీ తెలియకుండానే ఆ పూట గడిచిపోతుంది. పది రోజులకి అదే గొడవ మళ్లీ మొదలు.

ఈ అధ్యాయం ఆ గుమాస్తా కోసం. ‘మనకి కంప్యూటర్ల సంగతి తెలీదండి’ అని పక్కకి తప్పుకునే అకౌంటెంట్లను గోదావరి జిల్లాల్లో చాలామందిని చూశాను. వాళ్లందరూ ట్రయల్ బ్యాలెన్సులో తేడా వస్తే కూర్చుని పట్టుకోగలిగినవాళ్లే. తేడా వచ్చిందని ఎవరూ పుస్తకాలన్నీ చింపేసి మొదటినుంచి రాయరు. ఏ నెలో చూస్తారు, ఆ నెలలో ఏ రోజో చూస్తారు, ఆ రోజులో ఏ వోచరో చూస్తారు. తప్పు ఎక్కడ లేదో తేల్చుకుంటూ, తప్పున్న చోటికి చేరతారు. నెట్‌వర్కు ముందు కూర్చున్నప్పుడు కావలసిన ఓపిక అదే. అది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

మిల్లు ఆఫీసంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. కాటా గదిలో ఒక కంప్యూటర్, లారీ బరువు అందులో పడుతుంది. లోపల లెక్కల గదిలో రెండో మూడో. వాటిలో ఒకదానిలో టాలీ డేటా ఉంటుంది, దాన్నే అందరూ సర్వర్ అంటారు. యజమాని గదిలో ల్యాప్‌టాప్. బిల్లులకు డాట్ మాట్రిక్స్ ప్రింటరు, బ్యాంకు కాగితాలకు లేజర్ ప్రింటరు. గోడకు రూటర్, దాని పక్కన ఎనిమిది కేబుళ్లు పట్టే స్విచ్, రెండింటి మీదా ఊక ధూళి. సార్వా ధాన్యం దిగే నవంబరు, డిసెంబరుల్లోనూ, దాళ్వా పంట వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనూ ఈ గదికి ఊపిరి సలపదు. దాళ్వా కోతల వేళకే గాలివానలూ వస్తాయి. కరెంటు పోతుంది, వస్తుంది. కంప్యూటర్ల పేర్లకు సంబంధించిన తిప్పలు చాలావరకు ఆ తిరిగొచ్చిన కరెంటుతోనే మొదలవుతాయి.

ఆఫీసులో నెట్‌వర్కుకి కలిపిన ప్రతి కంప్యూటర్‌కీ, ప్రింటర్‌కీ 192.168.1.10 లాంటి ఒక నంబరు ఉంటుంది. యంత్రాలు మాట్లాడుకునేది ఆ నంబర్లతో. మనం వాడేది పేరు. మీరు టాలీ తెరిచినప్పుడు మీ కంప్యూటర్ ముందు సర్వర్ పేరుకి నంబరు కనుక్కోవాలి, తర్వాత ఆ నంబరు దగ్గరికి వెళ్లాలి, ఆపైన లోపలికి అనుమతి పొందాలి. మూడు వేరువేరు పనులు. వీటిలో ఏది ఆగిపోయినా తెర మీద కనిపించేది దాదాపు ఒకే రకం ఎర్ర గుర్తు, మన నోట వచ్చేది ‘సర్వర్ పోయింది’ అన్న ఒకే మాట. ఆ మాటని మూడుగా విడదీయగలిగితే సగం పని అయిపోయినట్టే.

విడదీసే పద్ధతి చెబుతాను. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. సర్వర్ కంప్యూటర్ దగ్గరికి నడిచి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘ఐపీకాన్ఫిగ్’ అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అనే వరుసలో కనిపించిన నంబరు కాగితం మీద రాసుకోండి. మీ సీటుకి తిరిగి వచ్చి అదే కమాండ్ కొట్టి, మీ నంబరు కూడా దాని పక్కన రాయండి. ఏ నంబరైనా 169.254తో మొదలైందంటే ఆ కంప్యూటర్‌కి రూటర్ నుంచి నంబరే అందలేదు. అక్కడ పేర్ల సంగతి వదిలేసి కేబులు చూడండి, స్విచ్‌లో ఆ కేబులు పెట్టినచోట దీపం వెలుగుతోందో లేదో చూడండి.

నంబర్లు సవ్యంగా ఉంటే మీ కంప్యూటర్ నుంచి ‘పింగ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, సర్వర్ నంబరు ఇవ్వండి. తర్వాత నంబరు బదులు సర్వర్ పేరు ఇచ్చి మళ్లీ పింగ్ చెయ్యండి. నంబరుకి జవాబు వచ్చి పేరుకి రాకపోతే యంత్రం బాగుంది, దారి బాగుంది, పేరు మాత్రమే దొరకలేదు. ఇక రూటర్ తీసి పెట్టడం, స్విచ్ తట్టడం, విండోస్ మళ్లీ వేయించడం ఇవేవీ అక్కర్లేదు. రెండింటికీ జవాబు రాకపోతే వెంటనే సర్వర్ చచ్చిపోయిందనుకోకండి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపుతూ ఉండొచ్చు. పింగ్ చేసిన వెంటనే ‘ఏఆర్‌పీ’ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, ‘ఏ’ అక్షరం కొడితే ఒక పట్టిక వస్తుంది. అందులో సర్వర్ నంబరు పక్కన భౌతిక చిరునామా, అంటే జంటలు జంటలుగా ఉన్న అక్షరాలూ అంకెలూ కనిపిస్తే, ఆ యంత్రం కేబులు మీద బతికే ఉంది.

పింగ్‌లో చూడవలసిన మూడో సందర్భం ఒకటి ఉంది, దీన్నే ఎక్కువమంది చూడకుండా వదిలేస్తారు. పేరుతో పింగ్ చేస్తే మొదటి వరుసలో పేరు పక్కన చదరపు కుండలీకరణాల్లో ఒక నంబరు వేస్తుంది. ఆ నంబరు మీరు కాగితం మీద రాసుకున్నదేనా? జవాబు వస్తోంది కదా అని ఆగిపోకండి. కాగితం మీద నంబరు చివర 14 ఉండి తెర మీద 10 ఉంటే, మీ కంప్యూటర్ పాత నంబరు పట్టుకుని వేరే యంత్రం దగ్గరికి వెళుతోంది. అది లేజర్ ప్రింటరే అయినా పింగ్‌కి నిక్షేపంగా జవాబిస్తుంది. కుండలీకరణాల్లో నంబరు బదులు రెండు చుక్కల గుర్తులతో పొడుగాటి చిరునామా వచ్చిందంటే అది ఐపీవీ6. పింగ్ తర్వాత మైనస్ గుర్తు, 4 అంకె పెట్టి, ఆపైన పేరు ఇస్తే మామూలు నంబరే చూపిస్తుంది.

అనుమతి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. విండోస్ బటన్, ‘ఆర్’ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి సర్వర్ పేరు కొట్టండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగిందంటే అది శుభవార్త. పేరు దొరికింది, దారి ఉంది, తలుపు దాకా వెళ్లారు. మిగిలింది పాస్‌వర్డ్ తగాదా మాత్రమే. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్ పాస్‌వర్డ్ లేని పాత గెస్ట్ షేరింగ్‌ని ఒప్పుకోవడం మానేసింది. అలాంటి కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజునే పాత సర్వర్ తెరుచుకోవడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇక కారణాల్లోకి వస్తాను. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ మళ్లీ మొదలై, అడిగినవాళ్లకి అడిగిన వరసలో నంబర్లు పంచుతుంది. చవక రూటర్లు చాలావరకు ఇంతకుముందు ఎవరికి ఏ నంబరిచ్చిందీ గుర్తుపెట్టుకోవు. నిన్న 10 ఉన్న సర్వర్‌కి ఇవాళ 14 వస్తుంది, 10 వెళ్లి ప్రింటర్‌కి చిక్కుతుంది. టాలీ దారిని నంబరుతో పెట్టుకున్నవాళ్లు ఆ క్షణమే తెగిపోతారు. పేరుతో పెట్టుకున్నవాళ్లు కూడా కాసేపు పాత నంబరే పట్టుకుని తిరుగుతారు, ఎందుకంటే విండోస్ దొరికిన జవాబుని కొంతసేపు దాచుకుంటుంది. ‘ఐపీకాన్ఫిగ్’ తర్వాత ముందుకి వాలిన గీత, ‘ఫ్లష్‌డీఎన్ఎస్’ అని కొడితే డీఎన్ఎస్ (పేరు అడిగితే నంబరు చెప్పే ఏర్పాటు) ద్వారా దాచుకున్నది చెరిగిపోతుంది. అది అప్పటికి ఉపశమనం. మందు వేరే ఉంది: రూటర్ పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ (నంబర్లు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ అన్నచోట సర్వర్‌కీ, ప్రింటర్లకీ, కాటా కంప్యూటర్‌కీ వాటి భౌతిక చిరునామా ప్రకారం శాశ్వతంగా ఒక్కో నంబరు కేటాయించండి. రూటర్‌కీ స్విచ్‌కీ చిన్న యూపీఎస్ పెట్టించండి. ‘పేరుతో గొడవ, అందరికీ నంబరే పెట్టేద్దాం’ అని కొందరు సలహా ఇస్తారు. నంబరు కుదురుగా లేని ఆఫీసులో ఆ సలహా గొడవని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారుస్తుందంతే. ముందు నంబరు స్థిరపడాలి, ఆ తర్వాత పేరు దానంతట అదే కుదురుతుంది.

రెండో కారణం మన ఊళ్లలో మరీ ఎక్కువ, దీని దగ్గర కొంచెం ఆగుదాం. ఫైబర్ కనెక్షన్ పెట్టె ఒక రూటర్. యజమాని గదికి వైఫై అందడం లేదని బజారులో ఇంకో వైఫై రూటర్ కొని, మొదటి పెట్టెలోంచి కేబులు తెచ్చి దాని వాన్ పోర్టులో గుచ్చుతారు. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఆ క్షణంలో ఆఫీసు రెండు ముక్కలైంది. కేబులు మీద ఉన్న కంప్యూటర్లకి 192.168.1తో మొదలయ్యే నంబర్లు, వైఫై మీద ఉన్నవాటికి 192.168.0తో మొదలయ్యే నంబర్లు. చిన్న ఆఫీసుల్లో పేర్లు చాలావరకు ఒకే నెట్‌వర్కు లోపల ‘ఫలానా పేరు గలవారు ఎవరు?’ అని అందరినీ అడగడం ద్వారా దొరుకుతాయి. ఆ కేక రూటర్ దాటి అవతలికి వెళ్లదు. అందుకని యజమాని ల్యాప్‌టాప్‌కి సర్వర్ పేరు దొరకదు. విచిత్రం ఏమిటంటే, ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌ని నంబరుతో పిలిస్తే పలుకుతుంది. సర్వర్ నుంచి ల్యాప్‌టాప్‌ని పిలిస్తే మాత్రం పేరుకీ పలకదు, నంబరుకీ పలకదు. ఒకవైపు పలికి రెండోవైపు పలకకపోతే, ఎక్కడో రెండో రూటర్ ఉందని ముందుగా అనుమానించండి. ఇందాక కాగితం మీద రెండు నంబర్లు పక్కపక్కన రాయమన్నది దీనికోసమే. మూడో అంకెల గుంపు తేడాగా ఉంటే జబ్బు అక్కడే బయటపడుతుంది.

బాగుచేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు రెండో రూటర్ సొంత నంబరుని మొదటి రూటర్ వరసలోకి, ఇంకెవరికీ ఇవ్వని 192.168.1.2 లాంటి దానికి మార్చాలి. తర్వాత అందులో డీహెచ్‌సీపీ ఆపాలి. అప్పుడు మాత్రమే కేబులుని వాన్ పోర్టులోంచి తీసి లాన్ పోర్టులో పెట్టాలి. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న రూటర్ అయితే ఆ ఒక్కటి ఎంచుకుంటే ఇదంతా అదే చేసుకుంటుంది. డీహెచ్‌సీపీ ఆపకుండా ముందే కేబులు మార్చేస్తే రెండు రూటర్లు పోటీపడి నంబర్లు పంచుతాయి. అప్పుడు గొడవ ఒక గదిలో కాదు, ఆఫీసంతా ఉంటుంది, అదీ ఒకరికి ఉదయం, ఒకరికి సాయంత్రం.

రూటర్ కొత్తది మార్చినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్కుగా భావించి పబ్లిక్ అని ముద్ర వేస్తుంది, బస్టాండులో వైఫై కలుపుకున్నంత జాగ్రత్తగా తలుపులు వేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ప్రైవేట్ అని మారిస్తే సరి. ముఖ్యంగా సర్వర్ కంప్యూటర్‌లో చూడటం మరవకండి. ఫైర్‌వాల్‌ని మొత్తానికి ఆపేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది చికిత్స కాదు.

ఇక 8.8.8.8 సంగతి. నెట్ నెమ్మదిగా ఉందంటే ఎవరో ఒకరు వచ్చి కంప్యూటర్లలో డీఎన్ఎస్ నంబరుగా దీన్ని పెట్టి వెళతారు. ఇది 2009 నుంచి గూగుల్ అందరికీ ఉచితంగా ఇస్తున్న డీఎన్ఎస్, మంచిదే. ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్ల పేర్లన్నీ చెబుతుంది. మీ కాటా గది కంప్యూటర్ పేరు దానికి ఎలా తెలుస్తుంది? కొన్ని రూటర్లు ఆఫీసు లోపలి పేర్లు గుర్తుపెట్టుకుని తామే జవాబు చెబుతాయి. అలాంటి రూటర్ ఉన్నచోట 8.8.8.8 పెట్టారంటే తెలిసినవాడిని వదిలి తెలియనివాడిని అడిగినట్టు. ‘మొదటిది 8.8.8.8, రెండోది రూటర్ నంబరు పెడదాం, ఇది చెప్పకపోతే అది చెబుతుంది’ అనే ఆలోచన కూడా నిలవదు. రెండోదాన్ని అడిగేది మొదటిది అసలు పలకనప్పుడే. ‘ఆ పేరు లేదు’ అన్నది కూడా జవాబే, ఆ జవాబుతో కంప్యూటర్ రెండోదాన్ని అడగడం మానేస్తుంది.

పేరు పెట్టడంలో పొరపాట్లూ ఉంటాయి. ఒకే డిస్కు కాపీ చేసి నాలుగు కంప్యూటర్లు తయారుచేస్తే నాలుగింటికీ ఒకే పేరు వస్తుంది. పేర్లు వెతికే పాత నెట్‌బయాస్ పద్ధతి 15 అక్షరాల దాకానే చూస్తుంది, మిల్లు పూర్తిపేరు పెట్టి చివర ఒకటి, రెండు అని వేస్తే తేడా కనిపించే అక్షరమే తెగిపోతుంది. కాటా, లెక్కలు, సర్వర్ అన్న అర్థం వచ్చే చిన్న పేర్లు, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మాత్రమే వాడి పెట్టండి. పదాల మధ్య కావాలంటే చిన్న అడ్డగీత.

నెట్‌వర్క్ కిటికీ తెరిస్తే మిగతా కంప్యూటర్లేవీ కనిపించడం లేదని కంగారు పడొద్దు. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచాన్ని వణికించింది. అది చొరబడిన, ఫైళ్లు పంచుకునే పాత ఎస్ఎంబీ1 పద్ధతిని అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త ఇన్‌స్టలేషన్లలో మైక్రోసాఫ్ట్ ఇవ్వడం మానేసింది. నెట్‌వర్క్ కిటికీలోని పాత జాబితా దాని మీద ఆధారపడి నడిచేది. జాబితాలో కనిపించకపోయినా పేరు కొడితే తెరుచుకుంటుంది. కనపడాలని ఎస్ఎంబీ1ని తిరిగి పెట్టించకండి.

టాలీ మల్టీ యూజర్ వాడేవాళ్లకి ఒక మాట. ఉన్నట్టుండి ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్లిపోయిందంటే లైసెన్సు పోయిందని బెంబేలు పడి ఫోన్లు చేస్తారు. లైసెన్సు ఇచ్చే కంప్యూటర్ పేరో నంబరో దొరకకపోయినా ఇదే జరుగుతుంది. ముందు ఇందాకటి పింగ్ పరీక్ష చెయ్యండి.

ఏమీ తోచనప్పుడు అందరూ పట్టుకునేది హోస్ట్స్ ఫైలు. దానికో చరిత్ర ఉంది. 1980ల మొదట్లో ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నిర్వహించేది. కొత్త కంప్యూటర్ వస్తే వాళ్లకి చెప్పి పేరు చేర్పించుకోవాలి, మిగతావాళ్లు ఆ ఫైలుని మళ్లీ తెచ్చుకోవాలి. కంప్యూటర్లు పెరిగేసరికి అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మాకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాడు. పేర్ల బాధ్యతని ఎవరి వాటా వాళ్లే చూసుకునేలా పంచాడు. ఆ పాత ఫైలు రూపం ఇప్పటికీ ప్రతి విండోస్‌లో ఉంది, డీఎన్ఎస్‌ని అడగకముందే కంప్యూటర్ దాన్ని చూస్తుంది. అందులో సర్వర్ నంబరూ పేరూ ఒక వరుసలో రాస్తే పేరు వెంటనే పలుకుతుంది. నంబరు స్థిరపరిచిన ఆఫీసులో, నాలుగైదు కంప్యూటర్లకి, ఇది తప్పేమీ కాదు. స్థిరపరచని ఆఫీసులో రాస్తే మాత్రం ఆర్నెల్ల తర్వాత ఎవరో వచ్చి అన్నీ సరిగ్గానే ఉన్నాయే అని తల పట్టుకుంటారు. రాశారంటే ఎక్కడ రాశారో కాగితం మీద పెట్టండి.

బయటి పేర్ల దగ్గర పరీక్ష కొంచెం మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం లోపల తిరిగే సరుకుకీ ఈ-వే బిల్లు 2018 ఏప్రిల్ 15న మొదలయ్యాక, ఆ బిల్లు వర్తించే లారీ కదలాలంటే పోర్టల్ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ముందు 8.8.8.8ని పింగ్ చెయ్యండి. జవాబొస్తే ఇంటర్నెట్ ఉంది. తర్వాత ‘ఎన్ఎస్‌లుకప్’ అని కొట్టి పోర్టల్ పేరివ్వండి. నంబరు రాకపోతే, అదే కమాండ్‌లో పేరు తర్వాత ఖాళీ వదిలి 8.8.8.8 చేర్చి మళ్లీ అడగండి. ఇప్పుడొస్తే మీరు వాడుతున్న డీఎన్ఎస్‌లో లోపం. ఎన్ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది, హోస్ట్స్ ఫైలునీ దాచుకున్న జవాబులనీ చూడదు. అందుకే అది ఒక నంబరు, పింగ్ ఇంకో నంబరు చెబితే తేడా మీ కంప్యూటర్‌లోనే ఉంది. ఇక పేరు దొరికి, పేజీ మాత్రం సర్టిఫికెట్ బాలేదని హెచ్చరిస్తే గడియారం చూడండి. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే భద్రమైన సైట్లేవీ తెరుచుకోవు.

ఇది చిన్న ఆఫీసుల తలనొప్పి మాత్రమే అనుకోవద్దు. 2021 అక్టోబరు 4 రాత్రి మన ఫోన్లలో వాట్సాప్ ఆరేడు గంటలు మూగబోయింది. వాట్సాప్‌ని నడిపే ఫేస్‌బుక్ సంస్థ మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్ల మధ్య సంబంధం తెంచింది. దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు లోకానికి కనపడకుండా పోయాయి. అప్పటికే మన ఊళ్లో ఎంతమంది తమ రూటర్లు తీసి పెట్టుకుని ఉంటారో! ఆ రాత్రి ఇంకో సైటు తెరిచి చూసిన మనిషికి లోపం తన ఇంట్లో లేదని ఒక్క నిమిషంలో తెలిసింది. కంగారులో చెయ్యి స్విచ్ మీదికి పోకుండా ఆపుకోవడం ఒక అలవాటు, సాధనతో వస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి. చేసింది రాయండి. పని చేయకపోతే ఆ మార్పుని వెనక్కి తీసి, తర్వాతది మొదలుపెట్టండి.

హార్డ్‌వేర్ కుర్రాడికి ఫోన్ చేసేటప్పుడు కూడా ఆ కాగితం చూసి మాట్లాడండి: ‘బాబూ, సర్వర్ నంబరు 192.168.1.10. లెక్కల గదిలోంచి నంబరుకి పింగ్ వస్తోంది, పేరుకి రావట్లేదు. కాటా గదిలో రెండూ వస్తున్నాయి. నిన్న సాయంత్రం కరెంటు పోయాక మొదలైంది.’ ఇలా చెబితే అతను బండి తీయకుండానే సగం సార్లు బాగుచేస్తాడు, తీసినా సరైన సామాను పట్టుకొస్తాడు. మీతో అతను మాట్లాడే తీరు కూడా ఆ రోజునుంచి మారుతుంది.

ఆ కాగితాన్ని శుభ్రంగా తిరగరాసి స్విచ్ పక్కన గోడకి అంటించండి. ప్రతి యంత్రం పేరు, నంబరు, ఏ గది, రూటర్ పేజీ నంబరు, హోస్ట్స్ ఫైలులో ఏమైనా రాస్తే అది, చివర తేదీ. పాస్‌వర్డ్‌లు మాత్రం గోడ మీద వద్దు, బీరువాలో ఉంచండి. మిల్లు ఆగిన ఒక ఆదివారం చూసుకుని, టాలీ బ్యాకప్ తీసి, అన్ని కంప్యూటర్లూ పద్ధతిగా మూసి, రూటర్‌కీ స్విచ్‌కీ కరెంటు తీసి ఐదు నిమిషాలాగి ఇవ్వండి. రూటర్ దీపాలు నిలకడగా వెలిగాక, ఈసారి కావాలనే ప్రింటరుని ముందు, సర్వర్‌ని చివర ఆన్ చెయ్యండి. కాటా గదిలో మొదలుపెట్టి ఒక్కో యంత్రం దగ్గరా నంబరు చదివి, గోడ మీది కాగితంతో సరిచూసి టిక్కు పెట్టుకుంటూ రండి. టిక్కు పడని వరుస ఏదైనా ఉంటే, సోమవారం లారీ వచ్చేలోపు రిజర్వేషన్ పేజీలో ముందుగా చూడవలసింది ఆ యంత్రాన్నే.